అంటుకోవడానికీ ఓ లెక్కుంది!

ట్యూబులైటు పక్కన పురుగు కోసం కాపు కాసిన బల్లిని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? నున్నటి గోడ మీద నిలువునా పాకుతుంది. కప్పుకు తలకిందులుగా వేలాడుతుంది. అవసరమైతే కిటికీ అద్దం మీదా పరుగెడుతుంది. పోనీ కాళ్లకు జిగురుందా అంటే, లేదు. జిగురే ఉంటే అడుగు తీసి అడుగు వేయడం ఎలా?

ఇదే సందేహాన్ని పదార్థ శాస్త్రవేత్తల ముందు పెడితే వాళ్లు మనకే ఎదురు ప్రశ్న వేస్తారు. బల్లి సంగతి సరే, టీ గ్లాసు బల్లకు ఎందుకు అతుక్కుపోవట్లేదు? గోడకు ఆనించిన నిచ్చెన అక్కడే ఎందుకు ఉండిపోవట్లేదు? ఎందుకంటే వాళ్ల లెక్క ప్రకారం ఈ లోకంలో ఏ రెండు వస్తువులైనా అంటుకోవాల్సిందే. అణువుకు అణువు నిజంగా దగ్గరైతే చాలు, ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడుకు మూలంలో ఉన్నదే ‘ఉపరితల శక్తి’.

పాల ప్యాకెట్ మీద అచ్చు నిలవాలన్నా, సినిమా హాల్లో తెర మీద బొమ్మ సరిగ్గా పడాలన్నా, ఉబ్బసం మందు ఊపిరితిత్తుల్లోకి చేరాలన్నా ఈ శక్తి ఎంతో తెలియాలి. చిక్కల్లా దాన్ని కొలవడంలోనే ఉంది. నీళ్లకైతే కాలేజీ ల్యాబులోనే కొలిచేయొచ్చు. గాజుకో, ప్లాస్టిక్‌కో, మందు పొడికో కొలవాలంటే మాత్రం శాస్త్రవేత్తలకు దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. చివరికి ఓ సూదిమొన దారి చూపించింది. ఆ మొన చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో కథ!

ఫుట్‌బోర్డు ప్రయాణికుడు

సాయంత్రం ఆరింటికి కిక్కిరిసిన ఆర్టీసీ బస్సును ఊహించుకోండి. మధ్యలో ఇరుక్కున్న మనిషి ఏ కడ్డీ పట్టుకోకపోయినా పడిపోడు. నాలుగు వైపులా జనమే ఆసరా. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడి పరిస్థితి వేరు. ఒకపక్క మనుషులు, రెండోపక్క గాలి. అందుకే చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు.

రాయి కానీ, గాజు కానీ, ప్లాస్టిక్ కానీ ఏ వస్తువులోనైనా లోపలి అణువులు మధ్యలో ఇరుక్కున్న మనిషిలాంటివి. అన్ని వైపుల నుంచీ చుట్టాలే పట్టుకుని ఉంటారు. బయటి పొరలోని అణువులు ఫుట్‌బోర్డు బాపతు. వాటికి సగం వైపు తోడు లేదు. కాబట్టి దగ్గరకొచ్చిన దేన్నయినా పట్టుకోవాలని చూస్తాయి.

ఓ వస్తువును రెండుగా చీల్చామనుకోండి. అప్పటిదాకా లోపల హాయిగా ఉన్న అణువులు కొన్ని ఫుట్‌బోర్డు మీదికి వచ్చి పడతాయి. అలా తెచ్చి పడేయడానికి మనం కొంత పని చేయాలి. ఒక చదరపు మీటరు కొత్త ఉపరితలాన్ని పుట్టించడానికి ఎంత పని పడుతుందో అదే ఆ పదార్థపు ఉపరితల శక్తి.

నీళ్లకు ఇది 20 డిగ్రీల దగ్గర చదరపు మీటరుకు 72.8 మిల్లీజౌళ్లు. ఇంటర్‌లో ‘తలతన్యత’ అని చదువుకున్నారే, ఆ అంకే ఇది. ఎంత చిన్నదో తెలుసా? వంద గ్రాముల బరువును ఏడు సెంటీమీటర్లు పైకెత్తితే అయ్యే పనికి సమానం. నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్‌కు ఇది 20 దరిదాపుల్లో ఉంటుంది. అందుకే దోసె దాన్ని పట్టుకోదు. పాల ప్యాకెట్లు చేసే పాలిథీన్‌కు 31 దాకా ఉంటుంది. శుభ్రమైన లోహాలకైతే వెయ్యి దాటిపోతుంది.

అభ్రకం చెప్పిన పాఠం

ద్రవాలతో పెద్ద పేచీ లేదు. నీళ్లలో ఓ సన్నటి తీగ రింగును ముంచి పైకి లాగితే నీటిపొర సాగుతుంది. ఎంత బలంతో లాగామో చూసుకుంటే లెక్క తేలిపోతుంది. గాజుపలకను అలా సాగదీయగలమా? సాగదు, విరుగుతుంది. విరిచినప్పుడు మనం పెట్టిన శ్రమలో ఎక్కువ భాగం వేడిగా, పగుళ్లుగా వృథా అయిపోతుంది. ఇక ఉపరితలానికి పోయిందెంతో ఎలా చెప్పగలం?

అందుకే శాస్త్రవేత్తల కన్ను అభ్రకం మీద పడింది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం చుట్టుపక్కల వాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. అక్కడి గనుల నుంచి దశాబ్దాల తరబడి విదేశాలకు ఎగుమతి అయిన ఖనిజం. కాకిబంగారమని కూడా అంటారు. పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఊడిన ముఖం అణువుల స్థాయిలో కూడా చదునుగా ఉంటుంది.

1930లో రష్యన్ శాస్త్రవేత్త ఒబ్రైమోవ్ అభ్రకం ముక్కలోకి ఓ గాజు చీలను నెమ్మదిగా దూర్చాడు. పొర కొంతదూరం విచ్చుకుని ఆగింది. ఆ పొర మందమెంత, ఎంత వంగింది, చీలిక ఎక్కడిదాకా వెళ్లింది అన్నది చూసి ఉపరితల శక్తిని లెక్కగట్టాడు. అసలు విశేషం తర్వాత బయటపడింది. అదే పని గాలి తీసేసిన గాజు పాత్రలో చేస్తే అంకె అనేక రెట్లు పెరిగిపోయింది!

అభ్రకం మారలేదు. మారింది చుట్టూ ఉన్న గాలి. మామూలు గదిలో పొర ఊడిన మరుక్షణమే గాలిలోని తేమ, ఇతర అణువులు వచ్చి ఆ ఖాళీ చేతుల్ని పట్టేసుకుంటాయి. ఫుట్‌బోర్డు వాడికి కడ్డీ దొరికేసిందన్నమాట. ఇక అతనికి అంత ఆత్రం ఉండదు. అందువల్ల ‘ఈ పదార్థపు ఉపరితల శక్తి ఇంత’ అని ఊరికే చెబితే చాలదు. ఎలాంటి గాలిలో కొలిచారో కూడా చెప్పాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బొట్టు పెట్టి చూద్దాం

అన్ని పదార్థాలూ అభ్రకంలా పొరలుగా ఊడవు కదా. వాటికి ఇంకో పాత ఉపాయం ఉంది. ఓ చుక్క నీళ్లు వేసి చూడటం. శుభ్రమైన గాజు మీద చుక్క పరుచుకుంటుంది. మైనం మీద ముత్యంలా ముడుచుకుంటుంది. చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని బట్టి ఆ ఉపరితలపు స్వభావం చెప్పొచ్చని 1805లోనే ఇంగ్లండ్‌కు చెందిన థామస్ యంగ్ వివరించాడు.

ప్లాస్టిక్ కవర్లు అచ్చువేసే యూనిట్లలో ఈ ఉపాయం ఇప్పటికీ రోజూ నడుస్తోంది. పాలిథీన్‌కు ఉపరితల శక్తి తక్కువ కాబట్టి సిరా దాని మీద పట్టదు. గోరుతో గీకితే పాల ప్యాకెట్ మీద పేరు ఊడొచ్చేస్తుంది. అలా కాకుండా అచ్చుకు ముందు ఫిల్మును విద్యుత్ మెరుపుల కింద నడిపిస్తారు. దీన్ని ‘కరోనా ట్రీట్‌మెంట్’ అంటారు. వైరస్‌కు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉన్న పేరే లెండి. ట్రీట్‌మెంట్ సరిపోయిందో లేదో చూడటానికి ‘డైన్ పెన్ను’తో ఓ గీత గీస్తారు. గీత నిండుగా నిలబడితే సరే. చుక్కలు చుక్కలుగా విడిపోతే రోల్ మళ్లీ ట్రీట్‌మెంట్‌కు వెళ్లాల్సిందే. మామూలుగా 38 దాటితే అచ్చుకు పనికొస్తుందని లెక్క.

కవర్లకు ఇది చాలు. అన్నిటికీ చాలదు. చుక్క ఎంత చిన్నదైనా మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని కింద ఒకచోట ఒకలా, పక్కన ఇంకోలా ఉన్నా మనకు వచ్చేది సగటే. మందు పొడిలో ఒక్క రేణువు మీద చుక్క వేయలేం, వేస్తే కరిగిపోతుంది. ఉపరితలం గరుకుగా ఉంటే కోణమే మారిపోతుంది. తామరాకు మీద నీటిబొట్టు అలా జారిపోవడానికి దాని మైనపు పూతతో పాటు కంటికి కనిపించని బొడిపెలు కూడా కారణమే. పైగా ఒకే కోణాన్ని తీసుకుని రెండు వేర్వేరు సూత్రాల్లో వేస్తే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి.

పనసకాయల కౌగిలింత

చుక్కలూ చీలికలూ వద్దు, రెండు ఘనపదార్థాల్ని నేరుగా ఆనించి, లాగి, ఎంత బలంతో విడిపోయాయో చూస్తే పోలా? పోదు. మొదట్లో అనుకున్న టీ గ్లాసు సమస్య ఇక్కడే ఎదురవుతుంది.

రెండు పనసకాయల్ని ఒకదానికొకటి ఆనించండి. తగిలేవి కొన్ని ముళ్ల కొనలే. మిగతా అంతా ఖాళీ. కంటికి నున్నగా కనిపించే స్టీలు గ్లాసు, బల్ల కూడా సూక్ష్మంగా చూస్తే పనసకాయలే. అణువుల మధ్య ఈ ఆకర్షణ పనిచేసేది కొన్ని నానోమీటర్ల దూరం వరకే. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. గరుకు కొనలు తప్ప మిగతా భాగమంతా ఆ హద్దుకు అవతలే ఉండిపోతుంది. అందుకే గ్లాసు హాయిగా లేచొచ్చేస్తుంది.

బాగా నునుపు చేస్తే ఏమవుతుందో మెషీన్ షాపుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. కొలతలు సరిచూసుకునే స్లిప్ గేజ్ దిమ్మల్ని తుడిచి, ఒకదాని మీద ఒకటి జరుపుతూ నొక్కితే చాలు, అతుక్కుపోతాయి. పైదాన్ని పట్టుకుని లేపితే కిందిదీ వస్తుంది. మధ్యలో మిగిలిన సన్నటి నూనె, తేమ పొర కూడా ఇందులో ఓ చెయ్యి వేస్తుంది.

మన బల్లి ఇంకో దారి పట్టింది. గోడను నునుపు చేయడం దానివల్ల కాదు కనుక తన పాదాన్నే గోడకు తగ్గట్టు మార్చుకుంది. తొకే అనే పెద్ద బల్లి ఒక్కో పాదానికి సుమారు ఐదు లక్షల సన్నటి వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక చివర వందల పాయలు. గోడ గరుకులో ప్రతి గుంటలోకీ ఇవి దూరి నిజంగా తాకుతాయి. అమెరికాలో కెల్లర్ ఆటమ్ బృందం 2000లో ఒకే ఒక్క వెంట్రుక పట్టును కొలిచింది. దాదాపు 200 మైక్రోన్యూటన్లు, అంటే 20 మిల్లీగ్రాముల బరువును మోయగల బలం. ఒక్క వెంట్రుకకు!

కొలత కావాలంటే మనమూ బల్లి దారే పట్టాలి. పెద్ద ముఖాల్ని ఆనించే బదులు ఒక్క కొనను తాకించాలి. ఎక్కడ తాకిందో, ఎంత మేర తాకిందో మనకు తెలిసేంత చిన్న కొన.

గ్రామఫోన్ ముల్లులాంటిదే

ఆ కొన 1986లో దొరికింది. గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టొఫ్ గెర్బర్ అనే ముగ్గురు ‘అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్’ను లోకానికి పరిచయం చేశారు. పొట్టిగా ఏఎఫ్‌ఎం. బిన్నిగ్‌కు అదే సంవత్సరం నోబెల్ వచ్చింది. అయితే అది అంతకుముందు హైన్‌రిక్ రోరర్‌తో కలిసి చేసిన మరో మైక్రోస్కోప్‌కు. మొదటి ఏఎఫ్‌ఎంలో బంగారు రేకు ముక్కకు వజ్రపు మొన అతికించారు. ఇప్పుడు సిలికాన్‌తో చేస్తున్నారు.

పేరుకు మైక్రోస్కోపే కానీ ఇందులో కటకంతో చూడటం లేదు. పాత గ్రామఫోన్ ముల్లు రికార్డు గాళ్లలో పాకినట్టు, ఓ సూదిమొన ఉపరితలం మీద పాకుతూ ఎత్తుపల్లాలు చెబుతుంది. ఈత కొలనులో దూకే పలక ఉంటుంది కదా, ఒకవైపు బిగించి రెండోవైపు గాల్లో ఉండేది. అలాంటి పలకే ఇక్కడా ఉంటుంది. కాకపోతే పొడవు మిల్లీమీటరులో పదోవంతో, ఐదోవంతో. దాని కొసన కిందికి చూస్తూ మొన. కొత్త మొన కొస గుండ్రదనపు వ్యాసార్థం సుమారు 10 నానోమీటర్లు. పలక వీపు మీద లేజర్ కిరణం పడి వెనక్కి తుళ్లుతుంది. పలక వెంట్రుకవాసిలో వేల వంతు వంగినా ఆ కాంతి చుక్క జరుగుతుంది. ఆ జరుగుడును పరికరం పట్టేస్తుంది.

అంటుకునే బలం కొలవాలంటే పాకించడం ఆపి, ఒకేచోట కిందికీ పైకీ ఆడిస్తారు. మొన నెమ్మదిగా దిగుతుంది. కొన్ని నానోమీటర్ల దూరంలోకి రాగానే టక్కున దూకి అతుక్కుంటుంది. తర్వాత వెనక్కి లాగుతారు. మొన వదలదు. పలక కిందికి వంగుతుంది, ఇంకా వంగుతుంది. ఒక దశలో ఇక తట్టుకోలేక ఠప్పున విడిపోతుంది. విడిపోయే ముందు పలక ఎంత వంగిందో చూసి, పలక బిరుసుతో గుణిస్తే అంటుకున్న బలం వస్తుంది. కూరగాయల కొట్లో స్ప్రింగు త్రాసు చేసేదీ ఈ లెక్కే.

మైనం లాంటి ఉపరితలాన్ని అలాంటి పూతే ఉన్న మొనతో తాకామనుకుందాం. రెండింటి ఉపరితల శక్తీ 25 చొప్పున. 10 నానోమీటర్ల మొనను ఊడదీయడానికి పట్టే బలం సుమారు 3 నానోన్యూటన్లు. ఒక దోమ బరువును ఎనిమిది వేల వాటాలు వేస్తే అందులో ఒక వాటా అన్నమాట. అంత సన్న బలాన్ని ఏఎఫ్‌ఎం తేలిగ్గా చదివేస్తుంది. అదీ ఒకచోట కాదు, నమూనా మీద వేల బిందువుల దగ్గర. కావాలంటే ఎక్కడ ఎక్కువ అంటుకుంటుందో, ఎక్కడ తక్కువో రంగుల పటం గీసి ఇస్తుంది. నీటిచుక్క ఇవ్వలేనిది ఇదే.

వైపర్ల నుంచి వచ్చిన సూత్రం

బలం దొరికింది. మనకు కావాల్సింది శక్తి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే సూత్రం ఏఎఫ్‌ఎం కంటే పదిహేనేళ్ల ముందే సిద్ధంగా ఉంది.

కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్స్ అనే పరిశోధకుడు కారు అద్దం తుడిచే రబ్బరు వైపర్ల మీద పనిచేస్తున్నాడు. మెత్తటి రబ్బరు గుండును అద్దానికి ఆనిస్తే, 1882 నాటి హెర్ట్జ్ సిద్ధాంతం చెప్పినదానికంటే ఎక్కువ మేర తాకుతోంది. నొక్కుడు పూర్తిగా తీసేసినా కొంత అంటుకునే ఉంటోంది. జాన్సన్, కెండాల్‌తో కలిసి 1971లో దీనికి సమాధానం ప్రచురించారు. ఆ అదనపు తాకుడు ఉపరితల శక్తి పని. వాళ్ల లెక్క ప్రకారం గుండును ఊడదీసే బలం రెండిటి మీదే ఆధారపడుతుంది. ఒకటి గుండు వ్యాసార్థం. రెండోది ఆ రెండు ముఖాల్ని విడదీయడానికి చదరపు మీటరుకు అయ్యే పని. పదార్థం మెత్తనా, గట్టిదా అన్నది లెక్కలోకే రాదు!

1975లో రష్యాలో డెర్యాగిన్, ముల్లర్, తొపొరోవ్ ఇంకో సూత్రం ఇచ్చారు. రూపం అదే కానీ గుణకం వేరు. కేంబ్రిడ్జ్ వాళ్లది ఒకటిన్నర పై, రష్యా వాళ్లది రెండు పై. ఎవరు ఒప్పు అని కొంతకాలం వాదులాట నడిచింది. ఇద్దరూ ఒప్పేనని 1977లో డేవిడ్ టేబర్ తేల్చాడు. గుండు పెద్దదై మెత్తగా, బాగా అంటుకునేదైతే మొదటిది. చిన్నదై గట్టిదైతే రెండోది. తప్పు సూత్రం ఎంచుకుంటే మాత్రం అదే కొలత నుంచి వచ్చే శక్తి మూడో వంతు ఎక్కువగానో, నాలుగో వంతు తక్కువగానో తేలుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు. మనం కొలిచింది నమూనా ఒక్కదాని గుణం కాదు, మొనా నమూనా జంటది. మొన సంగతి ముందే తెలిస్తే తప్ప నమూనా వాటా ఎంతో విడదీసి చెప్పలేం. అందుకే ముందుగా ఆ మొనను తెలిసిన ఉపరితలాల మీద తాకించి చూసుకుంటారు.

అంకెను ఎంత నమ్మొచ్చు?

పరికరం తెర మీద అంకె చక్కగా వచ్చేస్తుంది. ఆ అంకె వెనక నాలుగు అనుమానాలుంటాయి.

మొదటిది మొన. పెట్టె మీద 10 నానోమీటర్లని రాసి ఉండొచ్చు. నాలుగుసార్లు గట్టి ఉపరితలం మీద రుద్దితే అరిగి 30 అవుతుంది. అప్పుడు బలం మూడింతలు వస్తుంది. మొన అరిగిందని గమనించనివాళ్లు, ఉపరితల శక్తే మూడింతలుందని రాసేసుకుంటారు. అందుకే కొలతకు ముందూ తర్వాతా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మొనను చూడటం మంచి ప్రయోగశాలల అలవాటు. ఆస్ట్రేలియాలో డకర్, సెండెన్, పాష్లీ 1991లో ఇంకో ఉపాయం చెప్పారు. మొన బదులు పలకకు కొన్ని మైక్రాన్ల గాజుపూసను అతికించడం. పూస సైజు మామూలు మైక్రోస్కోప్‌లోనే తెలుస్తుంది, అరగదు. కాకపోతే పూస పెద్దది కాబట్టి మళ్లీ పనసకాయ గొడవ కొంత వస్తుంది.

రెండోది పలక బిరుసు. అదెంతో తెలియకపోతే రాళ్లు లేని త్రాసే. దీనికి 1993లో హట్టర్, బెక్‌హోఫర్ భలే దారి కనిపెట్టారు. గది వేడికి ఏ చిన్న వస్తువైనా తనంతట తానే వణుకుతూ ఉంటుంది. మెత్తటి పలక ఎక్కువ, బిరుసు పలక తక్కువ. ఆ వణుకును కొలిస్తే బిరుసు తెలిసిపోతుంది. మామూలు మెత్తటి పలక నానోమీటరులో ఐదో వంతు మేర వణుకుతుంది. అదీ ఈ పరికరానికి అందుతుంది.

మూడోది తేమ. అభ్రకం పాఠం గుర్తుంది కదా! గాలిలో తేమ ఉంటే మొనకూ ఉపరితలానికీ మధ్య కంటికి కనిపించని నీటి వంతెన కట్టుకుంటుంది. రెండు తడి అద్దాలు విడిపోకుండా పట్టుకునేది ఈ వంతెనే. నీటిని బాగా ఇష్టపడే గాజు లాంటి ఉపరితలమైతే, 10 నానోమీటర్ల మొన దగ్గర ఈ వంతెన ఒక్కటే 9 నానోన్యూటన్ల దాకా లాగగలదు. ఇందాక మైనానికి మనం లెక్కేసింది మూడే. అంటే విశాఖ సముద్రపు గాలిలో ఆగస్టులో కొలిచిందీ, అనంతపురం ఎండల్లో ఏప్రిల్‌లో కొలిచిందీ ఒకటి కాకపోవచ్చు. అందుకే పొడి నైట్రోజన్ నింపిన పెట్టెలోనో, శూన్యంలోనో, లేదంటే మొత్తం ఓ ద్రవంలో ముంచో కొలుస్తారు.

నాలుగోది నమూనా గరుకు. మొన గుంటలో పడితే చుట్టూ గోడలు తాకి ఎక్కువ అంటుకుంటుంది. గుట్ట మీద పడితే తక్కువ. ఒక్కసారి తాకించి తీర్పు చెప్పకూడదు. వందల చోట్ల తాకించి, అంకెలన్నీ ఎలా పరుచుకున్నాయో చూడాలి.

ఇన్ని అనుమానాలుంటే ఇక లాభమేంటి అంటారా? ఉంది. అసలు అంకె కాస్త అటూ ఇటూ అయినా, ఒకే మొనతో, ఒకే గాలిలో రెండిటిని పోల్చితే ఆ తేడా మాత్రం చాలావరకు నమ్మదగింది. మొన తప్పు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి భాగహారంలో కొట్టుకుపోతుంది. ఈ కిటుకే ప్రాణాల మీదికొచ్చే ఓ చోట అక్కరకొచ్చింది.

ఊపిరి అందాలంటే...

పొడి పీల్చే ఇన్‌హేలర్లు చూసే ఉంటారు. క్యాప్సూల్ వేసి, తిప్పి, గట్టిగా పీల్చేవి. మందు ఊపిరితిత్తుల లోతుకు వెళ్లాలంటే రేణువులు 1 నుంచి 5 మైక్రాన్ల లోపు ఉండాలి. అంత సన్నటి పొడితో పెద్ద తంటా. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టేస్తాయి. ఉండ గొంతులోనే ఆగిపోతుంది. అందుకని మందును లాక్టోజ్ అనే పాలచక్కెర పలుకులకు అంటించి క్యాప్సూల్‌లో నింపుతారు.

ఇప్పుడు ఇరకాటం చూడండి. మందు లాక్టోజ్‌ను మరీ గట్టిగా పట్టుకుంటే, పీల్చినప్పుడు వదలక దాంతోపాటే గొంతులో పడుతుంది. మరీ వదులుగా ఉంటే తన చుట్టాల్నే పట్టుకుని మళ్లీ ఉండ కడుతుంది. కావాల్సింది రెంటికీ మధ్య. చాలా పొడి ఇన్‌హేలర్లలో నింపిన మందులో సగానికి తక్కువే ఊపిరితిత్తుల లోపలికి చేరుతుంది. అందులో ఈ పట్టువిడుపుల పాత్ర పెద్దది.

2004లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి ఏఎఫ్‌ఎంను వాడారు. మందు రేణువునే పలక కొసన అతికించారు. దాన్ని ఓసారి మందు స్ఫటికం మీద, ఓసారి లాక్టోజ్ స్ఫటికం మీద తాకించి లాగారు. రేణువు ఎంత వంకరగా ఉన్నా, ఎంత మేర తాకుతుందో తెలియకపోయినా ఫర్వాలేదు. రెండు బలాల నిష్పత్తి చాలు. మందుకు చుట్టాలు ఇష్టమా, లాక్టోజ్ ఇష్టమా అన్నది అది చెప్పేస్తుంది. ఏ మందుకు ఏ జోడీ అన్నది క్యాప్సూల్‌లో నింపకముందే అంచనా వేయొచ్చు. మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాద్ లాంటి చోట ఈ లెక్క విలువ వేరే చెప్పక్కర్లేదు.

సినిమా హాలు సంగతీ చెప్పుకోవాలి కదా. డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో ఒక్కో చిప్ మీద లక్షల కొద్దీ బుల్లి అద్దాలుంటాయి. 2కే ప్రొజెక్టర్‌లో అయితే చిప్‌కు 22 లక్షల పైచిలుకు. ఒక్కోటీ వెంట్రుక మందంలో ఐదారో వంతు. సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ, వాలిన ప్రతిసారీ కింది ఆసరాను తాకుతాయి. తాకి అతుక్కుపోతే తెర మీద ఆ చుక్క అలాగే నిలిచిపోతుంది. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ ఈ చిప్‌ను రూపొందించాక ఇంజినీర్లను బాగా విసిగించిన సమస్యల్లో ఇదొకటి. టెఫ్లాన్‌కు చుట్టంలాంటి ఫ్లోరిన్ పూత వేసి ఆసరాల ఉపరితల శక్తిని తగ్గించారు. అద్దం తిరిగి లేవడానికి చిన్న స్ప్రింగులూ పెట్టారు. అభిమాన హీరో ఎంట్రీ మచ్చ లేకుండా కనిపించడం వెనక ఆ పూత చలవ కూడా ఉంది.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

పెయింట్ డబ్బా మీదో, నాన్‌స్టిక్ ప్రకటనలోనో, పరిశోధన వార్తలోనో ‘ఉపరితల శక్తి ఇంత’ అని కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎలాంటి గాలిలో కొలిచారు? దేంతో తాకి కొలిచారు? ఏ సూత్రంలో వేశారు? ఈ మూడూ చెప్పకుండా అంకె ఒక్కటే ఇస్తే, రాళ్లు చూపించకుండా తూకం చెప్పినట్టే.

ఇంట్లో ఎవరైనా పొడి ఇన్‌హేలర్ వాడుతుంటే ఈ కథలో వాళ్లకు నేరుగా పనికొచ్చే ముక్క ఒకటుంది. పీల్చే ముందు పరికరంలోకి ఊదొద్దని, తడిచేతులతో క్యాప్సూల్ ముట్టుకోవద్దని, స్నానాల గదిలో పెట్టొద్దని డాక్టర్లు, ఫార్మసిస్టులు చెబుతుంటారు. చాదస్తం అనుకోకండి. మనం వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. అది పొడిలోకి వెళ్లిందంటే రేణువుల మధ్య నీటి వంతెనలు కట్టుకుంటాయి. ల్యాబులో కొలతను తప్పించే ఆ వంతెనే క్యాప్సూల్‌లో మందును ఉండ కట్టిస్తుంది. తల పక్కకు తిప్పి ఊపిరి బయటికి వదిలేయండి. ఆ తర్వాతే ఇన్‌హేలర్‌ను నోట్లో పెట్టుకుని పీల్చండి.